ఓడలో కలిపిన వరస

పోర్ట్ బ్లెయిర్,
12 జనవరి 2025.

ప్రియమైన అక్కకు,

ఇక్కడ దేవుడు మమ్మల్నందరినీ గుర్తుపెట్టుకున్నాడు. మీ మరిది మోకాలి సంగతి ఒక్కటే మరిచిపోయినట్టున్నాడు. మెట్లు దిగుతున్నప్పుడల్లా ఈయన ఆ సంగతి దేవుడికి గట్టిగానే గుర్తుచేస్తున్నారు.

ఫోను చేయొచ్చు కదా అని మా దీవెన అంటుంది. మనిద్దరం ఫోను పట్టుకుంటే ఇద్దరం ఒకేసారి మాట్లాడతాం, వినేవాళ్ళుండరు. ఉత్తరంలో అయితే నేను చెప్పేది పూర్తయ్యేదాకా నువ్వు అడ్డురాలేవు. అందుకే నాకు ఇదే ఇష్టం.

సంగతేమిటంటే, ఇక్కడి తెలుగువాళ్ళ సంఘం ఒక పుస్తకం వేస్తోంది. ఇప్పుడు తిరగని పాత ఓడల మీద ఎవరి జ్ఞాపకాలు వాళ్ళు రాయాలట. నన్ను జలదుర్గ మీద రాయమన్నారు. జలదుర్గని ఇనప ముక్కలుగా కోసేశారని కబురు తెలిసినరోజు మీ మరిది అన్నం మానేశారు. నేను తిన్నాను. కానీ రాయడానికి కూర్చుంటే చెయ్యి ఆగలేదు.

వైజాగ్‌లో మనం ఎక్కింది ఎనభై నాలుగులో. కింద బంక్ క్లాసు. మెట్లు దిగుతుంటే డీజిలు, ఫినాయిలు, ఎవరిదో ఎండుచేపల మూట, మూడు వాసనలూ కలిసి ఎదురొచ్చేవి. ఇనప మంచాలు ఒకదానిమీద ఒకటి. నాకు పై మంచం వచ్చింది. కొత్త పెళ్ళికూతురు చీరతో పైకెలా ఎక్కుతుందని నీ కింద మంచం నాకిచ్చావు. అప్పటికి నీ పేరు కూడా నాకు తెలియదు.

మీ మరిది పేరు యోనా అని చెప్పగానే మన చర్చివాళ్ళంతా మంచాలు మార్చుకున్నారు. బైబిల్లో యోనా ఎక్కిన ఓడని తుపాను పట్టింది కదా, యోనాతో ఓడెక్కడమా అని. ఆ కథ తెలియనివాళ్ళు మాత్రం హాయిగా పడుకున్నారు. తుపానొస్తే ముందు నన్నే సముద్రంలో పడేయండని ఈయన మాటిచ్చాక గానీ ఆ ముసలి పాస్టరుగారు కుదుటపడలేదు.

వైజాగ్ కొండ కనుమరుగయ్యాక కూర్మయ్య మేస్త్రీ లేచాడు చూడు, అదీ రాశాను. నరసన్నపేట అవతలి మనిషి, కూలీలని తీసుకుని ఎన్నోసార్లు ఓడెక్కి దిగినవాడు. “ఒడ్డు కనపడనప్పుడు మనిసికి మనిసుండాల. ఒల్లు బాగులేకపోతే నా మనిసని ఒకలొచ్చి సూడాల” అన్నాడు. మన వరస మంచాల మధ్య నిలబడి, నువ్వీవిడకి కోడలివి, నువ్వు వీడికి మావవి అంటూ ఒక్కొక్కరికీ వరసలు కలిపాడు. ఒంటరిగా ఎక్కినవాళ్ళు ఎవరున్నారో ముందే చూసుకున్నాడు. నిన్ను నాకు అక్కని చేశాడు. జెట్టీ మీద కాలు పెట్టగానే ఓడ వరస తీరిపోతుందని కూడా చెప్పాడు. అందరికీ తీరిపోయింది. మనకి తీరలేదు.

నీ పేరూ మీ ఊరి పేరూ వేసి ఇచ్చేస్తాను. తప్పులుంటే చెప్పు. ఓడలో మొదటి పొద్దున పెట్టింది పూరీయా ఉప్మాయా? మీ మరిది పూరీ అంటారు. ఆయనకి గుర్తున్నవన్నీ పూరీలే.

ఇంకో మాట. దీవెనకి టెక్కలిలో ఒక నర్సింగ్ కాలేజీలో ఉద్యోగం వచ్చింది. మీ ఊరికి దగ్గరే కదా, పెద్దమ్మ ఇల్లుండగా హాస్టలెందుకు అన్నాను. నెలాఖరుకి విమానంలో వైజాగ్‌లో దిగి రైల్లో వస్తుంది. మీ అబ్బాయి బెన్హర్‌ని స్టేషనుకి పంపించు. వీళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకున్నది అది చంకలో పిల్లగా ఉన్నప్పుడే.

నీ చెల్లి,
సువార్త

·

కోటబొమ్మాళి,
9 ఫిబ్రవరి 2025.

చెల్లీ,

నీ కూతురు క్షేమంగా చేరింది. బెన్హర్ స్టేషన్లో ఎవరో వేరే అమ్మాయి పెట్టె అందుకుని తిట్లు తిన్నాడు. దీవెన పక్కనే నిలబడి చూస్తూ ఊరుకుందట. ఎందుకు చెప్పలేదే అంటే, ఎంతసేపటికి గుర్తుపడతాడో చూద్దామనుకున్నానంది. నీ కూతురే, అనుమానం లేదు.

ఉప్మా. పూరీ రెండో రోజు. మొదటిరోజు పూరీ పెట్టినా తినేవాళ్ళెవరు, అందరూ బకెట్ల మీద వంగి ఉంటే. నేను కింద మంచం ఇచ్చింది నీ చీర చూసి కాదు. నేను నర్సుని, ముఖం చూస్తే ఎవరు కక్కుతారో తెలుస్తుంది. నువ్వు పైనుంటే నా మీద పడుతుందని ఇచ్చాను. పుస్తకంలో నీకు కావలసినట్టే రాసుకో.

నాకు గుర్తున్నది వేరు. రెండోరోజు సాయంత్రం డెక్ మీద కూర్చుంటే ఉప్పుగాలికి నా జుట్టు జిగురుపట్టి ముద్దయిపోయింది. నువ్వు పొందూరు నుంచి తెచ్చుకున్న నూనె సీసా విప్పి, నన్ను ముందు కూర్చోబెట్టుకుని చిక్కు తీసి జడవేశావు. నేను పెరిగిన బోర్డింగులో ఎవరి జడ వాళ్ళే వేసుకోవాలి. నాకు ఇంకొకరు జడ వేయడం అదే మొదలు. నువ్వు జుట్టు లాగి లాగి దువ్వావు. నొప్పి పుట్టినా నేనేం అనలేదు. దూరంగా ఎగిరే చేపలు లేస్తుంటే మీ ఆయన చిన్నపిల్లాడిలా అరుస్తున్నాడు.

ఒక్క సంగతి. పుస్తకంలో నా పేరు వేయకు. ఊరి పేరూ వద్దు. ఒక నర్సు అని రాయి, చాలు. ఈ వయసులో పుస్తకాలకెక్కడం నాకిష్టం లేదు.

ఇక్కడ ఊడ్పులు లేవు, కోతలు లేవు, జనానికి తీరిక. బెన్హర్ మందుల షాపు మాత్రం జోరుగా ఉన్నట్టుంది. ఇదివరకు సరుక్కి వారానికోసారి టెక్కలి వెళ్ళేవాడు, ఇప్పుడు రోజు మార్చి రోజు వెళ్తున్నాడు. ఎండలు ముదరకుండానే రోగాలెక్కువయ్యాయేమో. వచ్చేటప్పుడు దీవెనని బండి మీద తీసుకొస్తాడు, దానికి బస్సు బాధ తప్పింది. అన్నయ్యా అని పిలవమంటే నవ్వుతుంది, బెన్హరనే అంటుంది. ఈ కాలం పిల్లలు.

నీ అక్క,
దేవమణి

·

పోర్ట్ బ్లెయిర్,
6 మార్చి 2025.

అక్కా,

నీ ఉత్తరం వచ్చేసరికి పుస్తకం అచ్చయిపోయింది. నీ పేరుంది, మీ ఊరుంది, నువ్వు నాకిచ్చిన మంచం ఉంది. ఇక చెరపడానికి లేదు. చెరిపే వీలున్నా చెరిపేదాన్ని కాదు. ఒక నర్సు అని ఎలా రాయను? ఓడలో నర్సులు ఇంకా ముగ్గురున్నారు. వాళ్ళెవరూ నా అక్కలు కారు.

పుస్తకం ఆవిష్కరణకి పెద్ద సభ పెట్టారు. ఓడల్లో పనిచేసిన పాత సరంగులు, వంటవాళ్ళు వచ్చారు. జలదుర్గ కూత ఎవరో టేపులో దాచిపెట్టారట, మైకులో వినిపించారు. బయట కుక్కలు మొరిగాయి. లోపల ముసలాళ్ళు ఏడ్చారు. ఆ కూత వినగానే బకెట్టు ఎక్కడుందా అని వెతుక్కున్నాను, ఇన్నేళ్ళ తర్వాత కూడా. సముద్రం శాంతంగానే ఉంది, నేను నేలమీదే ఉన్నాను.

అందరూ తమ తమ ఓడ చుట్టాల పేర్లు మైకులో చెప్పారు. నేను నీ పేరు చెప్పాను. చెబుతుంటే నీ మాట గుర్తొచ్చింది. నీకెందుకు వద్దనిపించిందో నాకు తెలియదు. మీ మరిది హార్బరులో తాళ్ళు లాగిన ఖలాసీ అని కూడా అందులో రాశాను. నిజమే కదా. అలాంటివాళ్ళ పక్కన నీ పేరుండటం నీకు మొహమాటమైతే సూటిగా చెప్పొచ్చు. మనమధ్య దాపరికం ఎప్పుడుంది?

పుస్తకం పంపించనా వద్దా అని ఆలోచిస్తున్నాను.

సువార్త

·

కోటబొమ్మాళి,
28 మార్చి 2025.

సువార్తకి,

పుస్తకం పంపకు.

నిన్న బెన్హర్ నా ఎదురుగా కూర్చుని దీవెనని పెళ్ళి చేసుకుంటానన్నాడు. దీవెన వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఇద్దరూ అనుకునే వచ్చారు. కుదరదన్నాను. ఎందుకని అడిగాడు. చెప్పలేదు.

నీ కూతురు బంగారం. దాని మీద నాకు ఒక్క మాట లేదు. కానీ ఈ పెళ్ళి చేస్తే నేను ఈ ఊళ్ళో తలెత్తుకోలేను. దాన్ని హాస్టల్లో చేరమని చెప్పు, లేదా వెనక్కి పిలిపించుకో. నన్నేమీ అడగకు.

ఇక్కడ మామిడి పిందె పడింది. మోకాలికి నేను రాసిన మాత్రలు రోజూ వేసుకోమను, గుర్తొచ్చినప్పుడు కాదు.

దేవమణి

·

పోర్ట్ బ్లెయిర్,
20 ఏప్రిల్ 2025.

దేవమణి గారికి,

మీ ఉత్తరం అందింది. దీవెన హాస్టల్లో చేరింది. ఫోన్లో ఏడవలేదు గానీ, పెద్దమ్మ అన్నం తినడం మానేసిందా, తింటోందా అని మీ గురించే అడుగుతోంది. అక్కడ మీకు దగ్గర్లో ఉన్నది అది, ఇక్కడ సముద్రానికి ఇవతల ఉన్నది నేను. నన్ను అడిగితే ఏం చెప్పను?

వరస గురించయితే నాకే ముందు అనుమానం వచ్చింది. అక్కచెల్లెళ్ళ పిల్లలు అన్నాచెల్లెళ్ళవుతారు కదా అని ఇక్కడి పాస్టరుగారిని అడిగాను. రక్తసంబంధం లేనప్పుడు ఏ అడ్డమూ లేదన్నారు. కూర్మయ్య కూడా జెట్టీ దాకానే అన్నాడు. పైగా మనం ఓడలో కలిసినవాళ్ళమని మీకూ తెలుసు, నాకూ తెలుసు. మరి మీరు ఊళ్ళో తలెత్తుకోలేనంత ఏముంది?

నేనే చెప్పనా? మాది రేకుల ఇల్లు. మా ఆయన ఖలాసీ. మీ ఆయన ఉన్నన్నాళ్ళూ రైల్వే ఉద్యోగి. మీ అబ్బాయికి సొంత షాపుంది. పుస్తకంలో పేరు వద్దన్నప్పుడే నాకు తెలియాల్సింది. చెల్లెలు ఉత్తరంలో బాగుంటుంది, ఏడాదికోసారి ఎండు రొయ్యలు పంపితే ఇంకా బాగుంటుంది. కూతురిని ఇచ్చి చుట్టరికం కలుపుకుందామంటే మాత్రం తల వంగిపోతుంది.

ఓడలో నాకు ఏం తిన్నా పైకి వచ్చేస్తుంటే మీరు మీ పళ్ళెంలోంచి మజ్జిగన్నం పిసికి నోట్లో పెట్టారు. ఆ మనిషి ఎటుపోయిందో నాకు తెలియడం లేదు. మీ మరిది రాయొద్దన్నారు. నాకు కోపం వచ్చింది, రాశాను.

సువార్త

·

కోటబొమ్మాళి,
11 మే 2025.

చెల్లీ,

గారు అని రాశావు. చదివి పక్కన పెట్టి, బియ్యం ఏరుకుని, మళ్ళీ చదివాను. తప్పు నీది కాదు. నేను చెప్పకుండా దాచుకుంటే నీకెలా తెలుస్తుంది? ఇది చదివేటప్పుడు మధ్యలో ఆపకు.

నేను బోర్డింగు పిల్లనని నీకు తెలుసు. నన్ను కన్నవాళ్ళెవరో నాకు ఊరు పేరు కూడా తెలియదు. అండమాన్ ఆసుపత్రిలో నాలుగేళ్ళు చేసి వచ్చాక మీ బావ సంబంధం వచ్చింది. చూడటానికి వచ్చినరోజు మా అత్తగారు పక్కన కూర్చోబెట్టుకుని అడిగింది: “నీకెవులున్నారమ్మా?” నాకొక చెల్లి ఉంది, అండమాన్‌లో ఉంది అన్నాను. “సొంత సెల్లేనా?” అంది. సొంతమే అన్నాను. నాకది అబద్ధంలా కూడా అనిపించలేదు. ఎవరూ లేరని చెప్పలేక కాదు, అప్పటికి నువ్వున్నావు కదా.

అంతే. ఆ మాట ఊరంతా నిజమైంది. నువ్వు దీవెనని చంకనేసుకుని వచ్చినప్పుడు మా అత్తగారు నీ ముక్కూ నా ముక్కూ ఒకటేనని అందరికీ చూపించింది. నీ ముక్కెక్కడ, నా ముక్కెక్కడ. నువ్వు నవ్వావు, ముసలావిడ సరదాకి అంటోందనుకున్నావు. ఆవిడ సరదాకి అనలేదు.

సునామీ వచ్చిన ఏడాది గుర్తుందా? నీ కబురు తెలియక నేను చర్చిలో నేలమీద కూర్చుండిపోయాను. ఆడవాళ్ళంతా వంటలు మాని వచ్చి నా చుట్టూ కూర్చున్నారు. తోబుట్టువు కోసం ఏడ్చే మనిషి దగ్గర ఎలా కూర్చుంటారో అలా. నువ్వు బతికే ఉన్నావని తెలిసినరోజు లక్ష్మణమ్మగారు, మా సంఘపెద్ద భార్య, పాయసం వండి ఇంటింటికీ పంచింది. ఇప్పటికీ ఆదివారం ప్రార్థనలో దేవమణమ్మ చెల్లెలు సువార్త అని నీ పేరెత్తుతుంది. ఇంతమందికి, లేదమ్మా, ఆవిడ ఓడలో కలిసిన మనిషి అని ఎప్పుడు చెప్పను? అందుకే జలదుర్గ ఊసే నేనిక్కడ ఎత్తలేదు. ఆ ఓడ గురించి చెబితే నువ్వెక్కడ దొరికావో చెప్పాలి. పుస్తకంలో పేరు వద్దన్నది అందుకు.

మీ బావ పోయేదాకా ఆయనకీ చెప్పలేదు, బెన్హర్‌కీ చెప్పలేదు. దీవెన వచ్చిన కొత్తల్లో భోజనాల దగ్గర, అమ్మని ఓడలో ఎలా పట్టావో చెప్పు పెద్దమ్మా అని నవ్వుతూ అడిగేసింది. దానికి అందులో దాచాల్సిందేమీ లేదు. బెన్హర్ ముద్ద పట్టుకుని ఆగిపోయాడు. “అయితే నీకు ఎవులూ లేరా, అమ్మా?” అన్నాడు. కూర చల్లారుతోంది తినమన్నాను. రక్తసంబంధం లేదని తెలియడమే తర్వాత వాడికి దారి అయింది.

ఇప్పుడు పెళ్ళంటే చర్చిలో ప్రకటన చదవాలి. అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పమంటారు. ఊరికి తెలిసినంతవరకు వీళ్ళు సొంత అక్కచెల్లెళ్ళ పిల్లలు. ఎవరో ఒకరు లేస్తారు, లేవాలి కూడా. అప్పుడు నేను లేచి, నాకు చెల్లెలు లేదని అందరి ముందూ చెప్పాలి. అబద్ధాలకోరని నవ్వుతారేమో, నవ్వనీ. నా భయం అది కాదు. ఆ మాట ఒకసారి నా నోటితో అంటే అదే నిజమైపోతుందని భయం. నాకు ఉన్నది నువ్వొక్కర్తివే సువార్తా.

రేకుల ఇల్లని ఇంకోసారి రాస్తే ఊరుకోను. ఆ ఇంట్లో నేను నాలుగేళ్ళు అన్నం తిన్నాను.

నీ అక్క,
దేవమణి

·

పోర్ట్ బ్లెయిర్,
2 జూన్ 2025.

అక్కా,

మధ్యలో ఆపకుండానే చదివాను. మీ మరిదికి చదివి వినిపించాను. ఆయన మోకాలు రుద్దుకుంటూ ఇంకోసారి చదవమన్నారు. తర్వాత, మీ అక్కకి సిగ్గనుకున్నావు, ఆవిడ మనల్ని సొంతం చేసేసుకుంది, ఇప్పుడు ఎవరు ఎవరికి సారీ చెప్పాలి అన్నారు. నేనే చెప్పాలి. చెబుతున్నాను.

నాకొక ఉపాయం తోచింది. విను. నువ్వు చర్చిలో లేవొద్దు. ఎవరికీ ఏమీ చెప్పొద్దు. పెళ్ళి ఇక్కడ చేస్తాం. ఇక్కడ మనం ఓడలో కలిశామని అందరికీ తెలుసు, పుస్తకంలోనూ పడింది, ఎవరూ ముక్కున వేలేసుకోరు. పిల్లలిద్దరూ ఇక్కడే కాపురం పెడతారు. మందుల షాపు ఇక్కడైనా నడుస్తుంది, మీ మరిది మోకాలొక్కటే దాన్ని పోషిస్తుంది. మీ ఊళ్ళో ఎవరడిగినా అబ్బాయి అండమాన్‌లో పిన్ని దగ్గర ఉన్నాడని చెప్పు. అది అబద్ధం కాదు.

వాళ్ళు కోటబొమ్మాళి రాకూడదు, వస్తే తెలిసిపోతుంది. నేనూ ఇక ఎప్పటికీ రాను. నేనొస్తే నోరు జారతానని నీకు తెలుసు. నువ్వు ఎప్పుడైనా ఇక్కడికి రా. రాలేకపోతే ఉత్తరాలున్నాయి. ఇన్నేళ్ళలో మనం కలిసి ఉన్న రోజులకన్నా విడిగా ఉన్న రోజులే ఎక్కువ, మనకిది కొత్తేం కాదు. మీ ఊళ్ళో నీకు చెల్లెలు ఉండాలి. అది నేను పోగొట్టను.

బెన్హర్ దీనికి ఒప్పుకోవడం లేదు. దొంగపెళ్ళి చేసుకోనంటున్నాడు. వాడికి నువ్వు చెప్పు.

నీ చెల్లి,
సువార్త

·

కోటబొమ్మాళి,
17 ఆగస్టు 2025.

సువార్తా,

ఇన్నాళ్ళు ఆలస్యమైనందుకు ఏమీ అనుకోకు. అన్నీ అయ్యాక రాద్దామని ఆగాను. ఇక్కడ ఊడ్పులు ముగిశాయి. వానలు ఫరవాలేదు.

నీ ఉపాయం బాగుంది. దాన్ని చాలారోజులు మనసులో పెట్టుకుని తిరిగాను. ఒప్పుకుందామని కూడా అనుకున్నాను. బెన్హర్‌కి చెప్పడానికి కూర్చోబెట్టాను, మొదలుపెట్టాను. చెబుతుంటే నాకే తెలిసింది. ఊళ్ళో చెల్లెలు ఉందన్న పేరు మిగలడానికి, చెల్లెలు ఈ గుమ్మం తొక్కకూడదు, కొడుకూ కోడలూ ఈ ఇంట్లో ఉండకూడదు. అంటే పేరు నా దగ్గర, మనుషులు నీ దగ్గర. పేరుతో నేనేం చేసుకోను? నాకు మనుషులే కావాలి.

అందుకని ఇక్కడి పాస్టరుగారి దగ్గరికి వెళ్ళి ప్రకటన చదవమన్నాను. సంగతి ఆయనకి ముందే చెప్పాను. కావాలంటే తానే సభకి వివరిస్తానన్నారు. వద్దన్నాను. ఈ మాట పెట్టింది నేను, తీయాల్సింది నేనే.

ఆదివారం ఆరాధన అయ్యాక చదివారు. అనుకున్నట్టే లక్ష్మణమ్మగారు లేచింది. ఆవిడకి నామీద ఏమీ లేదు, పాపం, బెన్హర్‌ని ఎత్తుకుని పెంచిన మనిషి. లేవడానికి ముందు నావైపు చూసింది. “అయ్యగారూ, ఇదెలగౌద్ది? ఆల్లిద్దరూ సొంత అక్కసెల్లెల పిల్లలు” అంది. అందరూ నావైపు తిరిగారు. బెన్హర్ లేవబోయాడు, భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టి నేను లేచాను. ఏం చెప్పాలో వారంరోజులుగా అనుకుంటూనే ఉన్నాను, మంచి మాటలు కూర్చిపెట్టుకున్నాను. అవేవీ రాలేదు.

“సువార్త నా సెల్లి కాదు. ఓడలో కలిసిన మనిసి. నాకు తోడబుట్టినోలు ఎవులూ లేరు” అన్నాను.

నిలబడే ఉన్నాను. పైన ఫ్యాన్లు తిరుగుతున్నాయి. వెనక బల్లలో ఎవరో, మరి ముక్కు ఒకటేనన్నారు కదా అని గొణిగారు. పాస్టరుగారు ఇంకేమైనా అభ్యంతరముందా అని అడిగారు. లేదు. లక్ష్మణమ్మగారు వచ్చి నా పక్కన కూర్చుంది, బల్ల మీద చోటు లేకపోయినా జరిపించుకుని. “మరి ఇన్నేల్లూ నాను సేసిన ప్రార్దన ఎవులికి సేసినట్టు?” అని అడిగింది. ఆవిడకే చేశావు, అక్కడే అందింది అన్నాను. సరే అన్నట్టు తలూపింది.

అందరూ అంత మంచిగా లేరు. మా అత్తగారి తరఫువాళ్ళు ఇద్దరు మాటలు మానేశారు. మమ్మల్ని మోసం చేసి కోడలైందన్నారు. అది నిజమే, కాదనలేను. పెళ్ళికి పిలుస్తాను, రావడం వాళ్ళిష్టం.

ఆ సాయంత్రం ఆడవాళ్ళు మన వరండాలో పోగయ్యారు. అసలు ఆ ఓడేటి, ఎలగుంటాది, సెప్పమని కూర్చున్నారు. మొదలుపెట్టాక ఆగలేకపోయాను. బంక్ క్లాసు చెప్పాను, ఎండుచేపల మూట చెప్పాను, కొండ కనుమరుగైతే కడుపులో ఎలా ఉంటుందో చెప్పాను. ఓడ ముందుభాగంలో నిలబడితే గాలికి చెంపలు ఎలా అదురుతాయో చేసి చూపించాను. యోనా కథకి లక్ష్మణమ్మగారు చీరచెంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. కూర్మయ్య వరసలు ఎలా కలిపాడో చెప్పాను. మంచి పని చేశాడు అంది ఒకావిడ. నలభై ఏళ్ళుగా జలదుర్గ నాలోనే మూటకట్టుకుని ఉంది. దాన్ని ఎంత ఇష్టపడ్డానో చెబుతుంటే నాకే తెలిసింది. నీ పుస్తకం ఒకటి పంపు. ఒకటి కాదు, అందరూ అడుగుతున్నారు, కొన్ని ఎక్కువే పంపు.

వాళ్ళంతా వెళ్ళాక ఒక్కర్తినే కూర్చున్నాను. నోటితో అంటే నిజమైపోతుందని నీకు రాశాను కదా. అన్నాను, వందమంది విన్నారు. అయినా నువ్వు ఎక్కడికీ పోలేదు. చర్చిలో కూర్చునేటప్పుడు ఈ మాట సువార్తకి రాయాలి అనుకున్నాను, ఎప్పుడూ అనుకున్నట్టే.

పెళ్ళి అక్టోబరు చివరి వారంలో. దీవెన హాస్టలు ఖాళీ చేసి లక్ష్మణమ్మగారింట్లో ఉంటోంది, పెళ్ళికి ముందు మా ఇంట్లో ఉండకూడదని ఆవిడే తీసుకెళ్ళింది. నాకు పొందూరు నేత చీర కొంటానని బెన్హర్ అంటున్నాడు. నువ్వు వచ్చాక కలిసి వెళ్ళి కొనుక్కుందాం, మీ వాళ్ళ ఊరు కదా, బేరం నువ్వాడు. మీ ఆయన్ని వీల్‌చైరు అడగడానికి సిగ్గుపడొద్దని చెప్పు, విమానాశ్రయంలో ఇస్తారు. జలదుర్గలో వచ్చే ముచ్చట మనకిక లేదు.

ఇక్కడ ఇక నువ్వు నాకు వియ్యపురాలివి. నిన్ను వదినా అనాలి, నువ్వూ నన్ను వదినా అనాలి. అందరి ముందూ చెప్పాక ఆ మాట నిలబెట్టుకోవాలి, జనం గమనిస్తారు. స్టేషన్లో, చర్చిలో, పందిట్లో అలాగే పిలువు. నాకు నోరు తిరగదేమో, నువ్వు సర్దుకో. పెళ్ళివారు భోంచేసి వెళ్ళిపోయాక లోపలికొచ్చి, తలుపు వేసుకుని, ఒక్కసారి అక్కా అని పిలువు. నేను పలుకుతాను.

దేవమణి